ఎడారి ఊళ్లో పుట్టిన మనవరాలిని చూడబోతున్నాము: జైసల్మేర్ ప్రయాణానికి సలహాలు కావాలి

హగరి ఒడ్డు (రాయదుర్గం), నవంబరు 19

అందరికీ నమస్కారం. ఈ నెల 6వ తేదీన మా అమ్మాయికి జైసల్మేర్‌లో ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని ఏడో నెలలోనే తీసుకురావడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాము. కానీ మాయ కిందికి ఉన్నదనీ, అంత దూరం కదిలించకూడదనీ అక్కడి డాక్టరమ్మ చెప్పడంతో ప్రయాణం ఆగిపోయింది. చివరికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. ఇప్పుడు మా వియ్యపురాలు దగ్గరుండి చూసుకుంటున్నారు. ఆమె డిసెంబరు మొదటి వారంలో తిరిగి రావలసి ఉన్నది కనుక ఆ తరువాతి రెండు నెలలు నేనూ మా ఆయనా అక్కడ ఉండాలని నిర్ణయించుకున్నాము.

మాకు ఇసుక కొత్త కాదు. హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేట వేయడం, దర్గా హొన్నూరు దగ్గర దిబ్బలు పెరగడం చిన్నప్పటి నుండి చూస్తున్న వాళ్లమే. జైసల్మేర్ లాగే మన అనంతపురం కూడా దేశంలో వాన చాలా తక్కువ కురిసే జిల్లా అని ముప్ఫై ఏళ్లు బడిలో పిల్లలకు పాఠం చెప్పాను గానీ, ఆ జైసల్మేర్‌లోనే నా మనవరాలు కళ్లు తెరుస్తుందని ఏనాడూ అనుకోలేదు.

మా అల్లుడు గాలిమరలను చూసుకునే ఉద్యోగంలో ఉన్నాడు, పగలంతా ఇంట్లో ఉండడు. నాకు హిందీ అంతంత మాత్రమే. మా ఆయనకు చక్కెర వ్యాధి ఉన్నది. అక్కడ చలి ఎంత ఉంటుంది? బాలింతకు కావలసినవి ఏవి దొరుకుతాయి, ఏవి ఇక్కడి నుండి మోసుకుపోవాలి? అంత పొడి గాలిలో నెల బిడ్డకు నీళ్లు పట్టాలా, వద్దా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

ఎడారి కోడలు (ధర్మవరం), నవంబరు 19

అక్కా, ముందుగా మీ మనవరాలికి ఆశీస్సులు. మా వారి ఉద్యోగరీత్యా నేను జైసల్మేర్‌లో నాలుగేళ్లు ఉన్నాను, మా పెద్దవాడికి ఏడాది నిండింది అక్కడే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చలి గురించి మీరు అడగడం మంచిదయింది, ఎందుకంటే ఎడారి అనగానే మనవాళ్లంతా పలచటి నూలు చీరలు సర్దుకుని వచ్చి రాత్రికి వణికిపోతారు. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం ఎండ హాయిగానే ఉంటుంది. పొద్దు గూకిన తరువాత ఇసుక చల్లబడినంత వేగంగా గాలీ చల్లబడుతుంది. తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలు విషయం. పగటికీ రాత్రికీ ఉన్న ఈ తేడాయే పసిబిడ్డకూ, మీకూ కష్టం. ఒక మందమైన దుప్పటి కంటే రెండు మూడు పలచటి పొరలు మేలు, ఎండ ఎక్కగానే ఒక్కొక్కటే తీసివేయవచ్చు.

నీటి సంగతి. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు ఎడారిలో కుళాయి తిప్పితే నీళ్లు రావడం చూసి ఆశ్చర్యపోయారు. పంజాబులోని హరికే ఆనకట్ట నుండి బయలుదేరే ఇందిరాగాంధీ కాలువ జైసల్మేర్ జిల్లా దాకా వస్తుంది. 1958లో పని మొదలుపెట్టారు. తుంగభద్ర ఎగువ కాలువ కణేకల్లు చెరువుకు ఏమిటో అక్కడివారికి ఆ కాలువ అదే. అయినా నీటిని వాళ్లు వాడే పొదుపు మాత్రం పోలేదు. బిడ్డకు స్నానం చేయించిన నీళ్లు కూడా వృథాగా పారబోయరు, చెట్టుకు పోస్తారు.

మోసుకుపోవలసినవి చెబుతాను. శొంఠి అక్కడ దొరుకుతుంది, దాన్ని సోంఠ్ అంటారు. వాము, మెంతులు, వెల్లుల్లి, నెయ్యి అన్నీ మంచివి దొరుకుతాయి. సజ్జ రొట్టె వాళ్ల నిత్య భోజనం కాబట్టి మీకు పరాయి ఊరన్న భావన కలగదు. రాగిపిండి మాత్రం మనకు కావలసినంత దొరకదు, నాలుగు కిలోలు తీసుకువెళ్లండి. చింతపండు, మన మిరపకారం, చెనిక్కాయల పొడి కూడా వెంట ఉండాలి. మీ అమ్మాయికి పుట్టింటి రుచి దొరికితే నాలుగు ముద్దలు ఎక్కువ తింటుంది, ఆ సమయంలో అదే కావలసింది.

ప్రయాణానికి బెంగళూరు నుండి హుబ్బళ్ళి, పుణె, అహ్మదాబాదు మీదుగా జోధ్‌పూర్ వెళ్లే రైలు ఉన్నది. మీరు బళ్ళారి మీదుగా హుబ్బళ్ళి చేరి అక్కడ ఎక్కవచ్చు. జోధ్‌పూర్ నుండి జైసల్మేర్‌కు మళ్లీ రైలు మారాలి. ఫలోది, పోఖరణ్ దాటిన తరువాత కిటికీ అద్దం వేసి ఉంచండి, సన్నటి దుమ్ము ముక్కుల్లోకి చేరుతుంది. వీలైతే జోధ్‌పూర్‌లో ఒక రాత్రి విశ్రాంతి తీసుకోండి. అన్నగారికి చక్కెర ఉన్నది కదా, భోజనం వేళలు తప్పడం మంచిది కాదు.

బిడ్డకు నీళ్ల విషయం మాత్రం మన నర్సమ్మగారు చెప్పడమే సబబు.

పాతకాలపు జేజి (ప్రొద్దుటూరు), నవంబరు 20

అమ్మా, నేను ఆరుగురు మనవలను, మనవరాళ్లను నా కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసి పెంచాను. ప్రొద్దుటూరు ఎండలు ఎలాంటివో మీకు చెప్పనక్కరలేదు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక్క చెంచా పట్టకపోతే పసిబిడ్డకు నాలుక పిడచగట్టుకుపోదా? పాలు ఆహారం, నీళ్లు నీళ్లే. తల్లికి మాత్రం ఆపరేషన్ అయింది కాబట్టి నీళ్లు తగ్గించి, పొడి పథ్యం పెట్టండి. కుట్లకు చీము పట్టకుండా ఉంటుంది. మా అత్తగారు నాకు అలాగే చేశారు.

పసిబిడ్డల నర్సు (అనంతపురం), నవంబరు 20

జేజమ్మగారి అనుభవం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నది. అయినా అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో ఇరవై ఆరేళ్లు పని చేసిన దానిగా ఈ రెండు విషయాల్లో వారితో ఏకీభవించలేను. మౌనంగా ఉండడం తప్పు అవుతుంది కనుక రాస్తున్నాను.

తల్లిపాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీళ్లే. బిడ్డ రొమ్ము పట్టిన మొదటి నిమిషాల్లో వచ్చే పాలు పలచగా ఉండి దాహం తీరుస్తాయి, తరువాత వచ్చే చిక్కటి పాలు ఆకలి తీరుస్తాయి. ఎండ కాసినా, గాలి పొడిగా ఉన్నా బిడ్డ చేయవలసింది ఎక్కువసార్లు పాలు తాగడమే. 6 నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వేడి ప్రాంతాలకు ఇందులో మినహాయింపు ఏమీ లేదు.

ఒక్క చెంచాతో ఏమవుతుందని అడుగుతారు. నెల బిడ్డ కడుపు చిన్నది. అందులో నీళ్లు చేరితే ఆ మేరకు పాలు తగ్గుతాయి. బిడ్డ తాగడం తగ్గించిన కొద్దీ తల్లికి పాలు పడడమూ తగ్గుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి బిడ్డకు ఫిట్స్ రావచ్చు. అటువంటి పిల్లలను నేను చేతులతో పట్టుకున్నాను. వాళ్ల అవ్వలు ఎవరూ బిడ్డ మీద ప్రేమ లేక నీళ్లు పట్టినవారు కాదు. నీళ్లలోని క్రిములతో విరేచనాలు పట్టుకుని వచ్చినవారు ఇంకా ఎక్కువ. తేనె, గ్రైప్ వాటర్, వసకొమ్ము, ఆముదం కూడా వద్దు. తేనె అయితే ఏడాది నిండే దాకా నాలుకకు కూడా తాకించవద్దు.

పాలు చాలుతున్నాయా లేదా అని తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉన్నది. ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ ఒంటికి పోస్తూ, అది పసుపు రంగు లేకుండా తేటగా ఉంటే బిడ్డకు కావలసినన్ని నీళ్లు అందుతున్నట్లే. ఒంటికి పోయడం బాగా తగ్గినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడుకున్నా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం ఉన్నా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారే దాకా చూద్దామనుకోకూడదు.

ఇక తల్లి సంగతి. జేజమ్మగారూ, మన సీమలో బాలింతకు నీళ్లు తగ్గించే ఈ అలవాటు వల్ల ఎంతమంది ఆడబిడ్డలు మలబద్ధకంతో, మూత్రంలో మంటతో బాధపడ్డారో నేను చూశాను. నీళ్లు తాగినంత మాత్రాన కుట్లకు చీము పట్టదు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ దాహం వేస్తుంది, ఎడారి గాలిలో అది ఇంకా పెరుగుతుంది. ఆమె పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక చెంబు నీళ్లు పెట్టండి. హగరి ఒడ్డు అక్కా, ఆ రెండు నెలల్లో మీరు ఈ ఒక్క పని మరచిపోకుండా చేస్తే చాలు.

పాతకాలపు జేజి (ప్రొద్దుటూరు), నవంబరు 21

నర్సమ్మా, నిన్న నీ మాటలు చదివి నాకు కొంచెం కష్టం కలిగిన మాట నిజమే. రాత్రి పడుకున్న తరువాత నా మొదటి కాన్పు గుర్తుకు వచ్చింది. వైశాఖ మాసం. బాలింతరాలిని అని గదిలో పెట్టి పూటకు ఒక గ్లాసు వేడినీళ్లు ఇచ్చేవారు. దాహానికి తట్టుకోలేక, అందరూ నిద్రపోయాక, బిడ్డకు పోయడానికి కాచి ఉంచిన నీళ్లు దొంగతనంగా దోసిట పట్టుకుని తాగాను. ఈ మాట యాభై రెండేళ్లుగా ఎవరితోనూ చెప్పలేదు, మా పెద్దాయనతో కూడా. నాకు అంత కష్టం కలిగించిన పనిని నా ఇద్దరు కూతుళ్లకు నేనూ చేశాను. ఇవాళ పొద్దున పెద్దమ్మాయికి ఫోన్ చేసి అడిగితే, "అవునమ్మా, నేనూ స్నానాల గదిలో తాగేదాన్ని" అని చెప్పింది.

రాయదుర్గం అమ్మా, నీ కూతురికి కడుపునిండా నీళ్లు ఇవ్వు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

హగరి ఒడ్డు (రాయదుర్గం), నవంబరు 21

జేజమ్మగారూ, మీకు నమస్కరిస్తున్నాను. మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను.

పాలకొండలు (కడప), నవంబరు 22

మా అబ్బాయి కుటుంబం అబూధాబిలోని అల్ ఐన్‌లో ఉంటుంది. మనవడు పుట్టినప్పుడు మేమిద్దరం మూడు నెలలు అక్కడ ఉండి వచ్చాము. అదీ ఎడారి ఊరే, అయితే పాతకాలపు భూగర్భ కాలువలతో పెరిగిన ఖర్జూర వనాలు ఊరి నడుమ ఉన్నాయి. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లే అవ్వాతాతలు చాలామంది ఉంటారు కాబట్టి వారి కోసం ఒక మాట రాస్తున్నాను.

బాలింత కూరల్లోకి అని గసగసాలు మూట కట్టుకుని వెళ్లవద్దు. మన వంటింట్లో అది మసాలా, యూఏఈలో అది నిషిద్ధ పదార్థం, పట్టుబడితే మత్తుమందు కేసు అవుతుంది. మా ఆవిడ పెట్టెలో వేసిన పొట్లాన్ని మా పక్కింటివారు చూసి చెప్పడంతో బయలుదేరే రోజు తీసివేశాము. కొన్ని నొప్పుల మాత్రలకు, దగ్గు మందులకు కూడా అక్కడ ఆంక్షలు ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఏ మందూ తీసుకుపోకూడదు.

ఇంకొక అనుభవం చెప్పాలి. అక్కడికి వెళ్లిన మొదటి వారం మా ఆవిడ ప్రతిదానికీ "మా ఇంట్లో ఇలా చేయము" అని కోడలితో అనేది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడేది కాదు. ఒకరోజు పాలిస్తూ ఏడుస్తుంటే అబ్బాయి నన్ను పక్కకు పిలిచి, "నాయనా, తనకు రాత్రి రెండు గంటలు కూడా నిద్ర లేదు" అన్నాడు. ఆ రోజు నుండి తెల్లవారుజామున నాలుగు గంటల నుండి ఏడు వరకు పాలు తాగిన బిడ్డను మేము తీసుకుని కూర్చునే వాళ్లం. ఆ మూడు గంటల నిద్ర కోడలిని మనిషిని చేసింది.

కర్నూలు తాత, నవంబరు 22

పాలకొండలు అన్నగారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇటువంటి చర్చల్లో తాతల ప్రస్తావన సామాన్లు మోయడం దగ్గరే ఆగిపోతుంది. మా మనవరాలు పుట్టినప్పుడు నాకు చేతనైన పనులు నేను వెతుక్కున్నాను. బిడ్డ గుడ్డలు ఉతికి ఆరవేయడం, కూరగాయలు తేవడం, తలుపు తట్టిన వారిని గుమ్మంలోనే మర్యాదగా పంపించడం నా పనులు.

జనన నమోదు కూడా తాతలు పట్టించుకోవలసిన పనే. పుట్టిన 21 రోజుల లోపు నమోదు కావాలి. ఆస్పత్రిలో పుడితే వాళ్లే పంపుతారు గానీ తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయో లేదో మనం సరిచూసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు చాలా పనులకు ఆ పత్రమే ఆధారం. మన ఇంటిపేర్లను ఉత్తరాదివారు సరిగా రాయలేరు, వెంటనే చూసుకుంటే దిద్దడం తేలిక. మీ మనవరాలికి 21 రోజులు నిండడానికి ఇంకా కొద్దిరోజులే ఉన్నది కాబట్టి అల్లుడిగారికి ఇవాళే చెప్పండి.

హగరి ఒడ్డు (రాయదుర్గం), నవంబరు 23

అల్లుడికి చెప్పాను. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడిందట, సరిచేయిస్తున్నాడు. మీకు కృతజ్ఞతలు.

నర్సమ్మగారూ, ఇంకొక సందేహం. చలి ఎక్కువ అంటున్నారు కనుక బాలింత గదిలో రాత్రి కుంపటి పెట్టవచ్చా? బిడ్డ తలకు సాంబ్రాణి పొగ వేయవచ్చా?

పసిబిడ్డల నర్సు (అనంతపురం), నవంబరు 23

రెండూ వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వాసన కూడా లేని విషవాయువు పుడుతుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు. తల మెత్తటి గుడ్డతో తుడిచి, టోపీ పెట్టి, తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టండి. తల్లి ఒంటి వేడి బిడ్డకు చాలా మేలు చేస్తుంది. నిద్రపుచ్చేటప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు, బరువైన దుప్పటి వాడవద్దు. 6, 10, 14 వారాల టీకాలు మీరు అక్కడ ఉన్నప్పుడే మొదలవుతాయి, మొదటి దానికి మీరు వెంట వెళ్లండి. బయలుదేరే ముందు మీకు గానీ అన్నగారికి గానీ దగ్గు, జలుబు ఉంటే నాలుగు రోజులు ఆలస్యమైనా తగ్గిన తరువాతే బయలుదేరండి.

హగరి ఒడ్డు, జైసల్మేర్ నుండి, జనవరి 11

అందరికీ నమస్కారం. వచ్చి నెల దాటింది, ఇప్పటికి తీరిక దొరికింది.

రైలు దిగేసరికి తెల్లవారుతున్నది. దూరాన కోట పసుపు రంగులో కనిపించింది. 1156లో కట్టడం మొదలుపెట్టిన ఆ కోటలో ఇప్పటికీ జనం కాపురాలు ఉంటున్నారని మా అల్లుడు చెప్పాడు. నాకు ఆ క్షణంలో కోట మీద మనసు లేదు. ఇంటికి వెళ్లి, కాళ్లూ చేతులూ కడుక్కుని, చీర మార్చుకుని, అప్పుడు గానీ బిడ్డను తీసుకోలేదు. మా అమ్మాయి బిడ్డను నా చేతిలో పెడుతూ "అమ్మా, నువ్వు వచ్చావు" అన్నది. ఇంకేమీ అనలేదు. నేనూ అనలేకపోయాను.

ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉన్నదంటే రాత్రి ఆరవేసిన గుడ్డలు పొద్దునకు గలగలమంటున్నాయి. పాలిచ్చే ప్రతిసారీ చెంబు పక్కన పెడుతున్నాను, రోజుకు ఎన్ని చెంబులు ఖాళీ అవుతున్నాయో చూస్తే జేజమ్మగారు దోసిట తాగిన నీళ్లే గుర్తుకు వస్తున్నాయి. బిడ్డ ఒంటికి పోయడం మొదటి వారం రోజులు గోడ మీద గీతలు గీసి లెక్కపెట్టాను, ఎనిమిది, తొమ్మిది ఉంటున్నాయి. నీళ్లు ఒక్క చుక్క పట్టలేదు. 6 వారాల టీకాలు నా ఒడిలోనే వేయించాను. ఆ రాత్రి కొంచెం ఒళ్లు వెచ్చబడింది, నర్సు ముందే చెప్పి ఉండడంతో కంగారు పడలేదు.

పక్కింట్లో మార్వాడీ ముసలావిడ ఉన్నది. ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. ఆమె తినే బంక వేసి చేసిన లడ్డూలు బాలింత కోసం తెచ్చింది. నోట్లో వేసుకోగానే "శొంఠి" అన్నాను, ఆమె "సోంఠ్" అన్నది. ఆ రోజు నుండి ఆమె రోజూ వస్తున్నది. మేము రాగిసంగటి, ఊరిబిండి చేసిన రోజు ఆమెకూ పంపాను, కారానికి కళ్లనీళ్లు వచ్చినా గిన్నె ఖాళీ చేసి పంపింది.

ఇంకొకటి తప్పకుండా రాయాలి. ఆమె సాంగ్రీ అని ఎండు కాయల కూర వండి ఇచ్చింది. అవి ఏ చెట్టువని అడిగితే వీధి చివర ఖేజ్డీ చెట్టు దగ్గరికి తీసుకుపోయింది. ఆకులు చేతిలోకి తీసుకుని చూస్తే అది మన జమ్మి! దసరా నాడు మనం ప్రదక్షిణ చేసి ఆకులు పంచుకునే జమ్మి, ఇక్కడ కూర అవుతున్నది, మేకలకు మేత అవుతున్నది, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా అదే. జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో 1730లో ఈ చెట్లను కొట్టనివ్వకుండా కౌగిలించుకుని 363 మంది బిష్ణోయీలు ప్రాణాలు ఇచ్చారని, వారిలో మొదటిది అమృతాదేవి అనే ఆడమనిషి అని అల్లుడు చెప్పాడు. మా ఆయన ఇప్పుడు రోజూ పొద్దున నడకకు వెళ్లి ఆ చెట్టు కిందే కూర్చుని వస్తున్నారు.

బిడ్డకు నెల దాటినా బావి పూజ మాత్రం మిగిలిపోయింది. మన వైపు బాలింత బావిలో చేద వేసి నీళ్లు తోడుతుంది కదా, ఇక్కడ బావి ఎక్కడ దొరుకుతుందని దిగులుపడ్డాను. ముసలావిడకు సైగలతో చెబితే నవ్వి, వాళ్లకూ ఆ పూజ ఉన్నదని చెప్పి తమ పాత బావి దగ్గరికి తీసుకువెళ్లింది. మా అమ్మాయి పసుపు కుంకుమ పెట్టి చేద వేసింది. నీళ్లు చాలా లోతున ఉన్నాయి, తాడు ఎంత వదిలినా అందలేదు, చివరికి అల్లుడు ఇంకొక తాడు ముడివేశాడు. పైకి వచ్చిన నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నాయి. ఆ నీళ్లను జమ్మి చెట్టుకు పోశాము.

పాతకాలపు జేజి (ప్రొద్దుటూరు), జనవరి 11

బిడ్డకు ఏమి పేరు పెట్టారమ్మా?

హగరి ఒడ్డు, జైసల్మేర్ నుండి, జనవరి 12

గంగ అని పెట్టాము జేజమ్మా. ఎండలు ముదరకముందే, మార్చిలో తల్లినీ బిడ్డనూ రాయదుర్గానికి తీసుకువస్తున్నాము. అప్పటికి బిడ్డకు నాలుగు నెలలు నిండుతాయి. దారిలో రెండు రోజులు ఉంటుంది, రైల్లో పాలివ్వడానికి, దుమ్ము తగలకుండా ఉండడానికి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలో ఎడారి కోడలు గారు వీలున్నప్పుడు రాయగలరు.

ఎడారి కోడలు (ధర్మవరం), జనవరి 12

తప్పకుండా అక్కా. పక్క వరస బెర్తులు కాకుండా లోపలి వరసలో రెండు కింది బెర్తులు ఎదురెదురుగా వచ్చేలా ఇప్పుడే తీసుకోండి, అడ్డంగా కట్టడానికి ఒక పాత నూలు చీర ఉంచుకోండి. మిగిలినవి రాత్రికి రాస్తాను.